లాక్‌డౌన్‌లో ఒక మ్యాండేటరీ బెయిల్: నా అనుభవం

2020 మార్చి 13, శుక్రవారం. సాయంత్రం నాలుగు దాటాక పోలీసులు ఇద్దరు కుర్రాళ్లను రిమాండ్‌కు తీసుకొచ్చారు. తాళం వేసిన ఇంట్లో రాత్రిపూట దూరి గ్యాస్ సిలిండరు, వెండి సామాను ఎత్తుకెళ్లారని కేసు. అప్పటి భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 457, 380 సెక్షన్లు. వాళ్లలో ఒకడి తల్లి కోర్టు వరండాలో మా గుమస్తా బాబాయ్‌ని పట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమెను మా సీనియర్ గారి దగ్గరికి తీసుకొచ్చారు. సార్ ఫైలు నా చేతికిచ్చి, "నువ్వు చూసుకోమ్మా" అన్నారు. నాకప్పటికి ప్రాక్టీసు నాలుగో ఏడు.

ఆ రోజు బాబాయ్ చేసిన ఒక చిన్న పని తర్వాత మమ్మల్ని గట్టెక్కించింది. కుర్రాడిని జైలుకు తీసుకెళ్లకముందే అతని తరఫున వాదించే అధికారం మాకిచ్చే వకాలత్ మీద అతని సంతకం పెట్టించారు. సోమవారం జైలుకెళ్లి పెట్టించుకోవచ్చు కదా అని నేనన్నాను. "ఉన్నప్పుడే పెట్టించాలమ్మా" అన్నారాయన. ఆ తర్వాత జైళ్లలో ములాఖత్‌లు ఆపేశారు. ఆ ఒక్క సంతకం లేకపోతే మా దగ్గర ఏమీ లేనట్టే.

వారం తిరిగేసరికి అన్నీ మారిపోయాయి. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. కోర్టు గేటుకు తాళం పడింది. అత్యవసరమైన కేసులు తప్ప మిగతా వాయిదాలన్నీ వరసగా ముందుకు జరిపేశారు. అప్పుడు నా బల్ల మీద రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకటి ఈ రిమాండ్ ఫైలు. ఇంకొకటి మా ఊరి ధాన్యం వ్యాపారి గారి ప్రోనోటు. నోటు తేదీ 2017 ఏప్రిల్ 10, అంటే మూడేళ్ల గడువు 2020 ఏప్రిల్ 10తో అయిపోతుంది. ఆ లోపు దావా వేయకపోతే నాలుగు లక్షల బాకీకి కోర్టులో దిక్కుండదు. నిజం చెప్పాలంటే ఆ వారం నాకు టెన్షన్ అంతా ప్రోనోటు గురించే. ప్లెయింట్, అంటే దావా పత్రం తయారుగా ఉంది, తీసుకునే కోర్టు తెరిచి లేదు. వ్యాపారి గారు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేవారు.

ఇంతలో వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. మార్చి 23న సుప్రీంకోర్టు తనంతట తానే చేపట్టిన రిట్ పిటిషన్, సివిల్ నంబరు 3, 2020. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బోబ్డే, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ సూర్యకాంత్ ఇచ్చిన ఉత్తర్వు. పిటిషన్లు, దావాలు, అప్పీళ్లు, ఇతర ప్రొసీడింగ్స్ వేయడానికి ఏ చట్టంలో ఏ లిమిటేషన్ (కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు) ఉన్నా, మార్చి 15 నుంచి తమ తదుపరి ఉత్తర్వులదాకా దాన్ని పొడిగిస్తున్నామని అందులో ఉంది. నేను రెండుసార్లు చదివి వ్యాపారి గారికి ఫోన్ చేశాను. "అయితే నిద్రపోవచ్చా అమ్మా?" అన్నారు. పోవచ్చన్నాను. దేశంలో ఎంతమంది కక్షిదారులు, ఎంతమంది వకీళ్లు ఆ రాత్రి ఊపిరి పీల్చుకున్నారో. ఆ ఉత్తర్వు మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. కోర్టు తలుపు మూసి ఉన్న రోజులను మనిషి ఖాతాలో వేయకూడదు.

ఇక రిమాండ్ ఫైలు. అదే మార్చి 23న సుప్రీంకోర్టు జైళ్లలో రద్దీ తగ్గించడానికి ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి రాష్ట్రంలో హైపవర్ కమిటీ వేసి, ఎవరిని తాత్కాలికంగా వదలవచ్చో తేల్చమంది. ఏడేళ్లు, అంతకు తక్కువ శిక్ష పడే కేసుల్లో ఉన్నవారిని పరిశీలించవచ్చని ఉదాహరణగా చెప్పింది. మావాడికి అది పనికిరాలేదు. రాత్రిపూట దొంగతనం కోసం ఇంట్లో దూరడం అనే 457 సెక్షన్‌కు 14 ఏళ్లదాకా శిక్ష ఉంది. పోయినవి సిలిండరు, నాలుగు వెండి పళ్లేలు. అయినా కాగితం మీద 14 ఏళ్లే.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆ తల్లి మా ఆఫీసుకు నడిచి వచ్చింది. పదకొండు కిలోమీటర్లు. బస్సులు లేవు, ఆటోలు లేవు. కూరగాయల కోసం పొద్దున వదిలే కొద్ది గంటల్లోనే వచ్చి, మళ్లీ వెళ్లిపోవాలని బయల్దేరింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడప బయటే నిలబడి అడిగింది: "కోర్టుకి సెలవులంటన్నారు గదమ్మా. మరి జైలుకి సెలవులు లేవా?"

నా దగ్గర జవాబు లేదు. మంచినీళ్లిచ్చి, కాసేపు కూర్చోమని, వాయిదా తేదీ వస్తే ఫోన్ చేస్తానని పంపించాను. వాయిదాలంటే ఏముంది, పద్నాలుగు రోజులకోసారి జైల్లో కెమెరా ముందు నిలబెట్టడం, రిమాండ్ పొడిగించడం. అతన్ని తల్లి చూడలేదు, నేనూ చూడలేదు.

ఏప్రిల్ చివర్లో గుమస్తా బాబాయ్ ఫోన్ చేశారు. ఆయనకు ఓ అలవాటు ఉండేది. ప్రతి ఫైలుకీ గడువు ఏ రోజుతో ముగుస్తుందో ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవారు. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని కూడా ఆ పుస్తకం తిరగేస్తున్నారు. "ఆ సిలిండరు కేసులో అరవై రోజులు మే 12కి అవుతాయమ్మా. ఛార్జిషీటు ఇంకా పడలేదు. మ్యాండేటరీకి రెడీగా ఉండు" అన్నారు.

తెలియనివారి కోసం ఒక మాట. అరెస్టు చేసిన మనిషిని దర్యాప్తు పేరుతో ఎన్ని రోజులైనా లోపల ఉంచకూడదు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 167(2) సెక్షన్ ప్రకారం, మరణశిక్ష, యావజ్జీవం, లేదా కనీసం పదేళ్ల శిక్ష ఉన్న నేరాల్లో 90 రోజులు, మిగతా వాటిలో 60 రోజులు. ఆ లోపు పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే, జామీను ఇస్తానన్న ముద్దాయిని వదిలి తీరాలి. నేరం చేశాడా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. అందుకే మా బార్ అసోసియేషన్లలో దాన్ని మ్యాండేటరీ బెయిల్ అంటాం, పుస్తకాల్లో డిఫాల్ట్ బెయిల్ అంటారు. ఒక మెలిక మాత్రం ఉంది. ఛార్జిషీటు పడకముందే మనం అడగాలి. ఒక్క రోజు ఆలస్యమై ఈలోగా ఛార్జిషీటు పడిందా, ఆ హక్కు పోయినట్టే.

రిమాండ్ రోజును కలపాలా, వదిలేయాలా అన్నదాని మీద అప్పట్లో రెండు రకాల తీర్పులు ఉండేవి. వాదన దేనికని, రిమాండ్ రోజును వదిలేసి 60 లెక్కపెట్టి, మే 13 పొద్దున్నే పిటిషన్ పంపాలనుకున్నాం. పంపడం అంటే ఈ-మెయిల్. టైపిస్టు షాపు మూసి ఉంది, జిరాక్స్ షాపు మూసి ఉంది. పిటిషన్ నేనే ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నాను. ప్రింటర్ సార్ ఇంట్లో ఉంది. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ ఆపితే ఐడీ కార్డు చూపించి, బెయిల్ పిటిషన్ అని చెబితే వదిలాడు. సంతకాలు పెట్టి, ఫోన్‌తో ఫొటోలు తీసి, పీడీఎఫ్ చేసి పంపితే సైజు ఎక్కువైందని మెయిల్ వెనక్కి వచ్చింది. మళ్లీ తీశాను. స్టాంపులు తర్వాత అతికిస్తాం, అసలు కాగితాలు కోర్టు తెరిచాక ఇస్తాం అని ఒక హామీ పత్రం కూడా జతచేశాను. 10 గంటల 20 నిమిషాలకు వెళ్లింది. ఆ టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. మ్యాండేటరీ బెయిల్‌లో ఆ నిమిషమే ప్రాణం, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

శుక్రవారం, మే 15న వీడియోలో విచారణ. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు. డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కుర్చీ వేసుకున్నాను. తెల్ల చుడీదారు, మెడకు బ్యాండు. సుప్రీంకోర్టు అంతకు రెండు రోజుల ముందే, వీడియో విచారణల్లో కోటు, గౌను అక్కర్లేదని సర్క్యులర్ ఇచ్చింది. మా అమ్మ కింద మెట్ల దగ్గర నిలబడి ఎవరూ పైకి రాకుండా చూసుకుంది.

ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు రెండు మాటలన్నారు. మొదటిది, 457కు 14 ఏళ్ల శిక్ష ఉంది కాబట్టి 60 కాదు, 90 రోజులు అని. దానికి నా దగ్గర 2017 నాటి రాకేశ్ కుమార్ పాల్ తీర్పు ఉంది. గరిష్ఠ శిక్ష ఎంతని కాదు, కనీస శిక్ష పదేళ్లు ఉందా అని చూడాలని సుప్రీంకోర్టు మెజారిటీ చెప్పింది. మేజిస్ట్రేట్ గారు ఒప్పుకున్నారు.

చిక్కంతా రెండోదాంతో వచ్చింది. మార్చి 23 ఉత్తర్వుతో అన్ని గడువులూ పొడిగించారు కదా, ఛార్జిషీటు వేయడానికి పోలీసులకున్న గడువు కూడా పొడిగించినట్టే అన్నారు ఏపీపీ గారు. నన్ను నిద్రపోనిచ్చిన ఉత్తర్వునే చేతిలో పట్టుకుని ఆ కుర్రాడిని లోపల ఉంచమంటున్నారు. ఆ క్షణం నాకు నోట మాట రాలేదు. తర్వాత చెప్పాను. 167(2)లో ఉన్నది పోలీసులకు పెట్టిన లిమిటేషన్ కాదు. ఛార్జిషీటు వందో రోజున కూడా వేసుకోవచ్చు, దర్యాప్తు ఆగదు. 60 రోజులతో ఆగిపోయేది మనిషిని లోపల ఉంచే అధికారం. పొడిగించడానికి అక్కడ గడువే లేదు.

ఆ వారం మద్రాసు హైకోర్టు నుంచి రెండు ఉత్తర్వులు వచ్చి ఉన్నాయి. మే 8న ఒక న్యాయమూర్తి సెట్టు కేసులో, లిమిటేషన్ పొడిగింపు మ్యాండేటరీ బెయిల్‌కు వర్తించదన్నారు. మూడు రోజులకే, మే 11న, అదే హైకోర్టులో ఇంకో న్యాయమూర్తి కాశీ కేసులో వర్తిస్తుందని బెయిల్ ఇవ్వలేదు. నేను మొదటిది పంపాను, ఏపీపీ గారు రెండోది పంపారు. మధ్యలో రెండుసార్లు మేజిస్ట్రేట్ గారి బొమ్మ కదలకుండా ఆగిపోయింది. నేను చెప్పింది ఎంతవరకు వినిపించిందో తెలియక అదే మాట మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. కోర్టు హాల్లో అయితే జడ్జిగారి ముఖం చూసి ఎక్కడ ఆపాలో, ఎక్కడ నొక్కి చెప్పాలో తెలుస్తుంది. డాబా మీద అది కుదరలేదు. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు.

సోమవారం పిటిషన్ కొట్టేశారు. సుప్రీంకోర్టు ఉత్తర్వు అన్ని గడువులకూ వర్తిస్తుందని కారణం.

ఆ తల్లికి ఫోన్ చేయడానికి నాకు గంట పట్టింది. ఏం చెప్పాలి? ఊరంతా ఆగిపోయింది కాబట్టి మీ అబ్బాయి రోజులను లెక్కపెట్టడం లేదు అనా? "పైకోర్టుకి వెళ్దాం" అని మాత్రం చెప్పాను. "డబ్బులు లేవమ్మా" అంది. డబ్బుల సంగతి తర్వాత చూద్దామన్నాను.

అప్పుడు మా పరిస్థితి కూడా అలాగే ఉందని ఇక్కడ చెప్పాలి. కోర్టు నడవకపోతే జూనియర్లకు రాబడి లేదు. మేం ఇంకో పని చేసుకోవడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ప్రాక్టీసు మొదలుపెట్టి మూడేళ్లు దాటనివారికి ప్రభుత్వం లా నేస్తం కింద నెలకు 5,000 ఇచ్చేది. నాకు మూడేళ్లు దాటిపోయాయి. బార్ అసోసియేషన్ వాళ్లు బియ్యం, పప్పులు పంచితే మొహమాటపడకుండా తీసుకున్నవాళ్లలో మంచి ప్రాక్టీసు ఉన్నవారు కూడా ఉన్నారు. గుమస్తాలు, టైపిస్టులు, స్టాంపులు అమ్మేవాళ్లు, కోర్టు ఎదురుగా టీ అమ్మే ముసలాయన, వీళ్లకు అదీ లేదు. న్యాయవ్యవస్థ అన్నప్పుడు వీళ్లను ఎవరూ లెక్కలో వేసుకోరు. నా ఉద్దేశంలో వీళ్లు లేకుండా ఒక్క కాగితం కూడా జడ్జిగారి బల్లదాకా చేరదు.

పైకోర్టులో వేయడానికి కింది కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ కావాలి. కాపీయింగ్ సెక్షన్ పనిచేయడం లేదు. కాపీ లేకుండానే తీసుకోమని వేరే పిటిషన్ జతచేశాం. కొత్త వకాలత్ కోసం జైలుకు మెయిల్ పెడితే, సూపరింటెండెంట్ ధ్రువీకరించిన కాపీ స్కాన్ చేసి పంపడానికి వారం పట్టింది. ఈలోగా మే 27న పోలీసులు ఛార్జిషీటు వేశారు. ఇక మ్యాండేటరీ ఎక్కడిదని మా బార్‌లోనే కొందరన్నారు. నా దగ్గర మే 13, 10 గంటల 20 నిమిషాల స్క్రీన్‌షాట్ ఉంది. ఆ నిమిషానికి ఛార్జిషీటు లేదు. అడిగిన హక్కు తర్వాత వేసిన కాగితంతో పోదు. నా మిత్రురాలు పైకోర్టులో ప్రాక్టీసు చేస్తుంది, ఫీజు మాట ఎత్తకుండా జూన్ మొదటి వారంలో పిటిషన్ వేసింది. పిటిషన్ ఒకసారి విచారణకు వచ్చింది, ప్రభుత్వం కౌంటరు, అంటే తన జవాబు వేయడం కోసం వాయిదా అడిగింది.

జూన్ 19, శుక్రవారం సాయంత్రం. సార్ నుంచి మెసేజ్ వచ్చింది. మద్రాసు నుంచి వెళ్లిన కాశీ కేసులోనే సుప్రీంకోర్టు తీర్పు. జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ వి. రామసుబ్రమణియన్. మార్చి 23 ఉత్తర్వు కోర్టులకు రాలేక ఇబ్బందిపడే కక్షిదారుల కోసం ఇచ్చిందనీ, 167(2) కింద పోలీసులు ఛార్జిషీటు వేయాల్సిన కాలాన్ని అది పొడిగించలేదనీ తేల్చారు. లాక్‌డౌన్‌ను ఎమర్జెన్సీతో పోల్చడం తప్పన్నారు. ఎమర్జెన్సీ ఉన్నా సరే, రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కును, స్వేచ్ఛను పక్కన పెట్టలేరని గుర్తుచేశారు. నేను వంటింట్లో నిలబడి ఆ తీర్పు మొత్తం ఫోన్‌లో చదివాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

జూన్ 24న మావాడికి బెయిల్ వచ్చింది. 20,000 బాండు, ఇద్దరు జామీనుదారులు.

అయిపోయిందనుకున్నాను. అసలు కష్టం అప్పుడు మొదలైంది. జామీను ఇచ్చేవాళ్లు ఇంటి పన్ను రసీదు, ఆస్తి ఉన్నట్టు పంచాయతీ నుంచి ధ్రువపత్రం, ఆధార్ తీసుకుని కోర్టుకు స్వయంగా రావాలి. ఆ వారమే వాళ్ల ఊళ్లో రెండు పాజిటివ్ కేసులు వచ్చాయి. ఊరి మొదట్లో వెదురు బొంగులతో దారి కట్టేశారు. ఒప్పుకున్న మేనమామ ఊళ్లోనే ఇరుక్కుపోయాడు. సొంత పూచీకత్తు మీద వదలండి, జామీనుదారులను నెల రోజుల్లో తెస్తాం అని అడిగాం. ఉత్తర్వులో అలా లేదు కాబట్టి కుదరదన్నారు. దానికోసం మళ్లీ పైకి వెళ్లాలి. బెయిల్ ఉత్తర్వు చేతిలో ఉండి, మనిషి లోపలే ఉన్న ఆ రోజులు, పిటిషన్ కొట్టేసిన రోజుకంటే బరువుగా గడిచాయి.

చివరికి పక్క ఊరి రైతు ఒకాయన ముందుకొచ్చాడు. ఆ తల్లి పదిహేనేళ్లుగా ఆయన పొలంలో కూలికి వెళ్తుంది. తన బామ్మర్దిని కూడా ఒప్పించి ఇద్దరూ మోటారు సైకిల్ మీద వచ్చారు. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద మాస్కులు కట్టుకుని గంటన్నర నిలబడ్డారు. "ఆయమ్మ అబద్ధం చెప్పదండీ" అన్నాడాయన నాతో. అంతకుమించి ఆ కుర్రాడి గురించి ఏమీ అడగలేదు.

జూలై 3న బయటికొచ్చాడు. గేటు దగ్గర తల్లి ఉంది. ఊళ్లోకి రానివ్వలేదు. అదే రైతు పొలంలో పాకలో పద్నాలుగు రోజులు ఉంచారు. తల్లి గట్టు మీద అన్నం పెట్టి దూరంగా కూర్చునేదట. నేను లెక్క వేశాను. పిటిషన్ పంపిన రోజు నుంచి వాడు బయటికొచ్చిన రోజుదాకా 52 రోజులు. దొంగతనం వాడు చేశాడో లేదో నాకు తెలియదు. ఆ 52 రోజులు మాత్రం వాడు చట్టప్రకారం లోపల ఉండాల్సినవి కావు.

2021 మార్చి 8న సుప్రీంకోర్టు లిమిటేషన్ పొడిగింపును ముగించింది. మార్చి 15 నుంచి 90 రోజుల్లో వేసుకోమంది. వ్యాపారి గారి దావాకు జూన్ 12 ఆఖరు అని బాబాయ్ పుస్తకంలో రాశారు. ఈలోగా రెండో వేవ్. ఏప్రిల్ 27న పొడిగింపు మళ్లీ అమల్లోకి వచ్చింది. మే నెలలో బాబాయ్‌కి జ్వరం వచ్చింది. ఆక్సిజన్ బెడ్ కోసం సార్, నేను రాత్రంతా ఫోన్లు చేశాం. దొరికేసరికి ఆలస్యమైంది. ఆయన కుటుంబానికి ఆ తర్వాత వచ్చిన 50,000 ఎక్స్‌గ్రేషియా దరఖాస్తు నేనే రాశాను. అంత పనిమంతుడిని నేను కోర్టులో ఇంకెవరినీ చూడలేదు.

2022 జనవరి 10న చివరి ఉత్తర్వు వచ్చింది. ఆ బెంచిలో మన తెలుగువారు ఇద్దరున్నారు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ నాగేశ్వరరావు. మూడో వారు జస్టిస్ సూర్యకాంత్. 15.03.2020 నుంచి 28.02.2022 వరకు ఉన్న కాలమంతా లిమిటేషన్ లెక్కలోంచి మినహాయింపు. ఈ మధ్యలో గడువు ముగిసిన వాటికి మార్చి 1 నుంచి 90 రోజులు. అంటే మే 29. అది ఆదివారం, అందులోనూ వేసవి సెలవులు. అంతదాకా ఆగొద్దని వ్యాపారి గారికి చెప్పి ఏప్రిల్‌లోనే దావా వేయడానికి కూర్చున్నాం.

టైపిస్టు షాపు మళ్లీ తెరిచారు. మధ్యలో ప్లాస్టిక్ తెర, ఇటువైపు నేను. ప్లెయింట్‌లో లిమిటేషన్ పేరా చెబుతున్నాను. నోటు తేదీ, మూడేళ్లు ముగిసే తేదీ, సుప్రీంకోర్టు ఉత్తర్వు, మినహాయించిన కాలం. ఆ కాలం ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టాను. 716. ఆ అంకె చెప్పి ఆగిపోయాను. 52 గుర్తొచ్చింది.

టైపిస్టు తలెత్తి చూసింది. "తర్వాత లైను చెప్పండి మేడం" అంది.

చెప్పాను.